డైరీలో ఒకవైపే రాస్తారు

మొన్నామధ్య ఒక శనివారం మా పాప బడిలో పేరెంట్స్ మీటింగ్. ఎల్‌కేజీ. 40 నిమిషాలు లైన్లో నిలబడితే నాకు దక్కింది 5 నిమిషాలు. టీచర్‌గారు మంచి మనిషే, 38 మంది పిల్లలతో ఆవిడ మాత్రం ఏం చేస్తారు పాపం. చెప్పింది ఒకే మాట: "క్లాసులో అసలు నోరు విప్పదండీ. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి మేడమ్."

సరేనని తలూపి వచ్చేశాను.

ఆ మాట ఇంట్లో చెప్పాక మా అత్తయ్య పాపతో మాటలు తగ్గించేశారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు మరి. అప్పటిదాకా రోజూ సాయంత్రం ఇద్దరూ వామనగుంటల పీట ముందు కూర్చునేవారు. 14 గుంటలు, గుప్పెడు చింతగింజలు. నానమ్మ కావాలని ఒక గింజ ఎక్కువేస్తే పాప టక్కున పట్టుకునేది. "దొంగాట!" అని అరిచేది, ఇల్లు ఎగిరిపోయేది. బడిలో నోరు విప్పనిది ఈ పిల్లే! పది రోజులు ఆ పీట అటకెక్కింది.

అడ్మిషన్ అప్పుడు "తల్లిదండ్రులు మా భాగస్వాములు" అన్నారు. ఫారంలో నా డిగ్రీ అడిగారు, మావారి జీతం అడిగారు. పాపకి ఏ ఆట ఇష్టం, దేనికి భయపడుతుంది, ఇంట్లో ఎవరితో ఎక్కువ మాట్లాడుతుంది? ఆ గడులే లేవు. డైరీలో రోజూ మనకి ఆర్డర్లు వస్తాయి, మనం రాయడానికి మాత్రం సంతకమంత చోటు.

2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంది. 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకి ఆటపాటలతో నేర్పమంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. ఎయిడ్ లేని ప్రైవేటు బడికి ఆ నిబంధన లేదు. వేలకి వేలు ఫీజు కట్టేవాళ్లకి కుర్చీ కూడా లేదన్నమాట.

అలాగని మనమేం తక్కువ తినలేదు. పక్కింటి బాబు 100 దాకా రాస్తున్నాడని, నర్సరీలో హోంవర్క్ ఎందుకివ్వరని నిరుడు టీచర్‌ని నిలదీసింది నేనే.

నిన్న పీట దింపాను. డైరీలో తెలుగులోనే రాశాను: "మా పాప చింతగింజలతో కూడికలు చేస్తుంది, నానమ్మని ఓడిస్తుంది. వీలైతే క్లాసులో ఒకసారి ఆడించి చూడండి."

ఈరోజు డైరీ తిరిగొచ్చింది. ఎర్ర టిక్కు, కింద "నోటెడ్". పక్క పేజీలో హోంవర్క్, 1 నుంచి 50 మూడుసార్లు.