డిజైన్ బ్రీఫ్ గారికి, పచ్చడి లేబుల్ చేసినవాడు రాసుకున్నది

అయ్యా,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామంటే, మీరు కుశలమో కాదో చెప్పగలిగినవాళ్లు ఎవరూ దొరకడం లేదు. పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో లోగోలు, లేబుళ్లు చేసుకుని బతుకుతున్నాను. మీ గురించి వినడమే గానీ చూసింది తక్కువ. సరుకేంటి, కొనేదెవరు, సైజెంత, ఎప్పటికి కావాలి, చివరికి 'సరే' అనే మనిషెవరు... ఇవన్నీ పని మొదలుపెట్టకముందే రాసిపెట్టే కాగితం మీరేనట కదా!

బ్రీఫ్ అంటే క్లుప్తం అని అర్థం. ఆ పేరు మా దగ్గర మరీ నిలబెట్టుకుంటున్నారు. మొన్న ఎండాకాలం మీరు నా దగ్గరికి పదకొండు సెకన్ల వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా వచ్చారు. "అన్నా, మన ఆవకాయకి లేబుల్ కావాలి. సింపుల్‌గా ఉండాలి, కానీ గ్రాండ్‌గా ఉండాలి. మీకు తెలీనిదేముంది." వెనకాల కుక్కర్ విజిల్ వినిపించింది. అది కూడా బ్రీఫ్‌లో భాగమేమోనని రెండుసార్లు విన్నాను.

సీసా అనుకుని గీశాను. ఎర్రటి నూనె, మామిడి ముక్క, అమ్మమ్మ జాడీ. "బాగుంది అన్నా, ఏదో మిస్ అవుతోంది" అన్నారు ఆవకాయవాళ్లు. ఆ 'ఏదో' కోసం జాడీ తీసేస్తే, జాడీ ఏదన్నారు. పేరు పెద్దది చేయమన్నారు. చేశాక మామిడికాయ చిన్నదైపోయిందేమన్నారు. బావమరిది ఆకుపచ్చ కావాలన్నాడు. న్యూమరాలజీ చూసే పెద్దాయన ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఇంకో 'ఏ' కలపమన్నాడు. వీళ్లలో 'సరే' అనే మనిషెవరో మీరుంటే మొదటిరోజే తెలిసేది.

తొమ్మిదోది ఓకే అయింది. ఆ సాయంత్రమే ఫోన్: "అన్నా, సీసా కాదు, పౌచ్."

పౌచ్‌కి మార్చాక ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్స్ నంబరు అడిగాను. 14 అంకెలది. "అప్లై చేశాం, వస్తుంది. ప్రస్తుతానికి చోటు వదలండి." నికర బరువు, ఎమ్మార్పీ, తయారైన తేదీ, పోషకాల పట్టిక, శాకాహారమని చెప్పే చదరంలో పచ్చ చుక్క... చట్టం అడిగేవన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. అమ్మమ్మ జాడీ ఉన్నచోట ఇప్పుడు సోడియం ఉంది. ఇక ఫోన్‌లో మెరిసిన ఎరుపు నాలుగు రంగుల అచ్చులో ఇటుక రంగుకి దిగింది. ఆ తప్పూ నాదేనట.

తప్పంతా వాళ్లదే అనను. ఒకసారి మిమ్మల్ని నేనే పిలిపించాలని ప్రశ్నల ఫారం పంపాను. మీ కస్టమర్ ఎవరు? "అందరూ." పోటీ ఎవరితో? "మనకి పోటీ లేదు." బడ్జెట్? "మీరే చెప్పండి." మూడు మాటల్లో మీ బ్రాండ్? "క్వాలిటీ, టేస్ట్, క్వాలిటీ." ఇంకో ఆయన ఫారం చూసి, ఇన్ని అడిగేవాడికి పని రాదనుకున్నాడో ఏమో, వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ నెల అద్దె కట్టడానికి ఇబ్బంది పడ్డాను. అప్పట్నుంచి అడగడం మానేశాను. మీరు రాకపోవడంలో నా చేయి కూడా ఉందన్నమాట.

ఇది రాస్తుండగా ఆవకాయవాళ్ల దగ్గర్నుంచే మళ్లీ మెసేజ్ వచ్చింది. ఈసారి కారప్పొడి. ఎనిమిది సెకన్లే. దాంతోపాటు అడ్వాన్స్ కూడా పంపారు. సీసానా, పౌచా అని టైప్ చేసి, చెరిపేసి, మిరపకాయ గీయడం మొదలుపెట్టాను.

ఇట్లు,
'మీకు తెలీనిదేముంది' అనిపించుకున్నవాడు