అమరావతి నమూనా బ్రాడీపేటలోనే ఉంది

రైలు పట్టాల మీది పాత శంకర్‌విలాస్ వంతెన స్థానంలో కొత్తది కట్టే గొడవ మొదలైనప్పటి నుంచి గుంటూరులో ఎక్కడ నలుగురు కలిసినా ట్రాఫిక్ మాటే. వంతెన ఎంత వెడల్పు ఉండాలి, ఎవరి స్థలం ఎంత పోతుంది, పరిహారం ఎంత అన్నదంతా పాఠకులకు తెలిసిందే, మళ్లీ చెప్పను. నా బాధ వేరే. ఆ వంతెన దిగితే వచ్చే బ్రాడీపేట, అరండల్‌పేటల గురించి ఈ చర్చలో ఎవరూ నోరు విప్పడం లేదు. విప్పినా ‘పాత ఏరియా, ఇరుకు, పార్కింగ్ ఉండదు’ అని తేల్చేస్తున్నారు. నేను దీనికి పూర్తిగా అడ్డం తిరుగుతున్నాను. గుంటూరులోనే కాదు, మొత్తం రాజధాని ప్రాంతంలో మనుషులు కాపురం ఉండటానికి ఆలోచించి వేసిన పేటలు ఇవే. వీటిని చేతులారా పాడు చేసుకుంటున్నాం.

పాత గుంటూరు నుంచి రైలు పట్టాలు దాటితే వచ్చే ఈ రెండు పేటలూ ఇద్దరు తెల్లదొరల పేర్లు మోస్తున్నాయి. గుంటూరుకు 1866లో మునిసిపాలిటీ, 1904లో జిల్లా వచ్చాయి. కచేరీలు, కోర్టులు, కాలేజీలు పెరిగేకొద్దీ ప్లీడర్లు, ఉద్యోగులు, మేష్టర్లు, పల్లెలో పొలం ఉంచుకుని పిల్లల చదువుల కోసం పట్నం వచ్చిన రైతులు ఇటువైపు ఇళ్లు కట్టుకున్నారు. ఊరి సందడికి కాస్త ఎడంగా, ఊళ్లోకి నడిచి వెళ్లేంత దగ్గరగా. అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన ఆ ఇళ్లు చూడండి. వీధి వైపు అరుగు, లోపల నాపరాళ్లు పరిచిన వసారా, టేకు దూలాల మీద మద్రాసు మిద్దె, పెరట్లో బావి, బావి పక్కన కొబ్బరి చెట్టో కరివేపాకు చెట్టో. ప్రహరీ మరీ ఎత్తు ఉండదు. అరుగు మీద కూర్చున్న పెద్దాయనకు వీధిలో పోయే మనిషి కనిపిస్తాడు, ఆగి పలకరిస్తాడు.

ఇళ్లు అందంగా ఉంటాయి, సరే. నన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నది ఆ వీధులు వేసిన తీరు. గుంటూరు మనిషిని బ్రాడీపేట అడ్రస్ అడిగితే ‘నాలుగు బై పద్నాలుగు’ అంటాడు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఊరికి కొత్తగా వచ్చిన కుర్రాడు కూడా అంకెలు లెక్కపెట్టుకుంటూ ఇల్లు చేరతాడు. నాలుగిళ్లు దాటేలోపు ఒక మలుపు వస్తుంది. ఆ మలుపు దగ్గర కిరాణా కొట్టో, ఇస్త్రీ బండో, టిఫిన్ సెంటరో నిలదొక్కుకుంటుంది, ఎందుకంటే నాలుగు వైపుల నుంచీ జనం నడిచి వచ్చేది అక్కడికే. ఒక దారి తవ్వేసినా పక్క లైనులోంచి పోవచ్చు. మలుపులు దగ్గర దగ్గరగా ఉంటే బండి వేగం పుంజుకోలేదు, కాబట్టి వయసు మళ్లినవాళ్లు కూడా ధైర్యంగా రోడ్డు దాటుతారు. రైల్వే స్టేషను, బడి, గుడి, డాక్టరు, మందుల షాపు, ట్యూషన్ అన్నీ కాలినడకన అందుతాయి. కారు లేని కుటుంబం తల వంచుకోకుండా బతకగలిగే ఏర్పాటు ఇది. గుంటూరు చుట్టూ ఈమధ్య వేసిన వెంచర్లతో పోల్చి చూడండి. ఒక ఆర్చి, ఒక గేటు, లోపలికి ఒకటే దారి. పాల ప్యాకెట్ కావాలన్నా బండి తీయాల్సిందే.

ఇక్కడే అమరావతి సంగతి ఎత్తాలి. ఈ పేటలనూ రాజధానినీ వేర్వేరు విషయాలుగా చూడటమే మన పొరపాటని నా గట్టి నమ్మకం. సింగపూర్ నిపుణులు గీసిన రాజధాని ప్రణాళికలో అందరికీ నచ్చిన సూత్రం ‘5-10-15’. అత్యవసర సేవలు ఐదు నిమిషాల్లో, బడి, పార్కు లాంటి సామాజిక వసతులు పది నిమిషాల్లో, పని చేసే చోటు పదిహేను నిమిషాల్లో అందాలని దాని అర్థం. 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ, నవ నగరాలు అంటే తొమ్మిది నగరాలు, అన్నీ ఆ సూత్రం చుట్టూనే చెప్పారు. అమరావతి కావాలనే నేనూ కోరుకుంటున్నాను. భూములిచ్చిన రైతుల పక్షానే ఉన్నాను. కానీ గంట ప్రయాణం దూరంలో, ఆ సూత్రానికి ఎవరూ పేరు పెట్టకముందే దాన్ని పాటిస్తూ వచ్చిన పేటలు ఉన్నాయి. మన బృందాలు సింగపూర్ వెళ్లొచ్చాయి. టేపు పట్టుకుని బ్రాడీపేట లైన్లు కొలిచిన బృందం ఒక్కటీ నాకు కనిపించలేదు. మెట్ట భూమి ఎకరా ఇచ్చిన రైతుకు 1000 గజాల ఇళ్ల స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నారు. ఆ ఇళ్ల స్థలం ముందు వీధి ఎంత పొడవు, మలుపు ఎక్కడ, మలుపులో కొట్టు పెట్టుకోవడానికి చోటు ఉందా అని ఇప్పుడు తేల్చుకోకపోతే, ఎనభై అడుగుల రోడ్ల పక్కన మనిషి కనపడని కాలనీలు వస్తాయి. దీనికి పాఠం కావాలంటే విమానం ఎక్కక్కర్లేదు.

ఆ పాఠాన్నే మనం చెరిపేస్తున్నాం. ఎలాగో చెబుతాను. ఒక పాత ఇల్లు అమ్ముడవుతుంది. ఆ స్థలంలో ఐదంతస్తులు లేస్తాయి. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. పది కుటుంబాలు కొత్తగా వచ్చి చేరితే పేటకు మంచిదే. చిక్కు సెల్లారుతో మొదలవుతుంది. ప్లానులో పార్కింగ్ అని చూపించిన సెల్లారు ఏడాది తిరిగేసరికి ల్యాబో, స్కానింగ్ సెంటరో, హాస్టల్ వంటగదో అవుతుంది. అక్కడ ఉండాల్సిన కార్లు, బైకులు లైనులోకి వస్తాయి. పైన ఆస్పత్రి కూడా ఉంటే గేటు పక్కన జనరేటర్, దాని పొగ నేరుగా ఎదురింటి కిటికీలోకి. సెల్లారులోకి దిగే ర్యాంపు సైడు కాలువను కప్పేసి రోడ్డు మీదకి పొడుచుకొస్తుంది. కాలువ మీద కాంక్రీటు పడ్డాక పారిశుధ్య కార్మికుడి పార లోపలికి దూరదు, పూడిక అలాగే ఉండిపోతుంది. ఒక్క గట్టి వాన పడితే ఆ మురుగు పొంగి పల్లంలో ఉన్న పాత ఇంట్లోకి పోతుంది. ఆ ఇల్లు పల్లంలో కట్టింది కాదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది గీకకుండా దాని మీదే ఇంకో పొర వేస్తూ పోయారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన వాకిట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాలి. మబ్బు పట్టిందంటే ఆ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు టెన్షన్. గడపకు అడ్డంగా ఇసుక బస్తాలు, రాత్రంతా జాగారం. రెండు వర్షాకాలాలు భరించి, మూడో ఏట బిల్డరుకు కబురు పెడతారు. ఇంకో సెల్లారు మొదలవుతుంది.

భూగర్భ డ్రైనేజీ వస్తే ఇవన్నీ తీరతాయన్నారు. సుమారు రూ.900 కోట్ల ఆ పథకం రోడ్లు తవ్వి, సగంలో ఆగి, ఏళ్ల తరబడి ఊరిని ఏడిపించింది. 2018 మార్చిలో తాగునీటిలో మురుగు కలిసి ఆనందపేట వైపు అతిసారం ప్రబలి ప్రాణాలే పోయాయి. ఆనందపేట పట్టాలకు ఆ వైపు, బ్రాడీపేట ఈ వైపు. పాత గొట్టాల మీద మోయలేనంత జనాన్ని, వ్యాపారాన్ని మోపితే ఏమవుతుందో రెండు వైపులకూ తెలిసి ఉండాలి.

ఎదుటివాళ్ల మాట కూడా విందాం. పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటే, కోట్ల విలువ చేసే స్థలంలో కురిసే మిద్దె కింద ముసలి దంపతులు ఎందుకు ఉండాలి అంటారు. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి వచ్చే రోగులకు ఈ ఆస్పత్రులే దిక్కు అంటారు. రెండూ నిజాలే. ఇంకో నిజం నేనే చెబుతాను. ఈ పేటల్లో అద్దె ఇల్లు అడిగితే ముందు కులం అడిగేవారు, కొన్ని గుమ్మాల దగ్గర ఇంకా అడుగుతున్నారు. ఆ మచ్చ పోవాల్సిందే, కొత్తవాళ్లు రావాల్సిందే. అమ్మొద్దని, కట్టొద్దని నేను అనడం లేదు. అనుమతి తీసుకున్నప్పుడు ఏం కడతామని రాసిచ్చారో అదే కట్టమంటున్నాను. సెల్లారులో బండ్లు పెట్టుకునే ఆస్పత్రి వల్ల రోగికి వచ్చే నష్టం ఏమీ లేదు. పైగా అంబులెన్సుకు దారి దొరుకుతుంది.

కానీ రాసిచ్చింది కట్టాల్సిన అవసరం మన రాష్ట్రంలో ఎవరికుంది? బీపీఎస్ పేరుతో అక్రమ కట్టడాలను సక్రమం చేసే పథకం 2007 చివర్లో ఒకసారి వచ్చింది, 2015లో ఒకసారి, 2019లో మరోసారి. ఇవాళ పైన ఒక అంతస్తు ఎక్కువ వేసినవాడు ఎప్పుడో ఒకప్పుడు జరిమానా కట్టి బయటపడతానని లెక్క వేసుకునే వేస్తున్నాడు. నియమం పాటించి చుట్టూ ఖాళీ వదిలినవాడికి దక్కింది పక్కింటి గోడ నీడ. ప్రభుత్వ ఖజానాకు వచ్చిన ఆ డబ్బులో ఎంత భాగం ఆ లైను కాలువకు, ఆ లైను గొట్టానికి తిరిగి వచ్చిందో కార్పొరేషన్ లెక్క చెప్పాలి.

దీని వెనక ఇంకా పెద్ద అన్యాయం ఉంది. 2010 నుంచి 2021 దాకా గుంటూరు నగరపాలక సంస్థకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. దశాబ్దానికి పైగా ప్రత్యేకాధికారులే ఊరిని నడిపారు. రాష్ట్రం విడిపోయి, రాజధాని ప్రకటన వచ్చి, గజం ధర రెక్కలు తొడుక్కున్న కాలం కూడా అదే. తమ లైనులో ఏం లేస్తోందని అడగడానికి జనానికి ఒక కార్పొరేటర్ గుమ్మం లేని రోజుల్లో సెల్లార్లు నిండిపోయాయి. 74వ రాజ్యాంగ సవరణ 1992లోనే వార్డు కమిటీల మాట, అంటే వార్డు పనుల్లో అక్కడివాళ్లకు చోటుండాలన్న మాట చెప్పింది. పేటలను కాపాడేది పురావస్తు శాఖ బోర్డులు కావు, పేటవాళ్లకు ఉండే ఈ అధికారమే. నగరాల గురించి ఎక్కడ మాట్లాడాల్సి వచ్చినా నేను ఈ మాట దగ్గరికే వస్తాను, ఎందుకంటే దీన్ని దాటేసి చేసే ప్రతి ప్రణాళికా చివరికి స్థలాల వ్యాపారమైపోతోంది.

చేయగలిగిన పని చిన్నది కూడా కాదు, అసాధ్యమూ కాదు. 2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి, వాటిలో ప్లానింగ్ కార్యదర్శులను పెట్టారు. అలాంటి కార్యదర్శిని పిలిచి, తన పరిధిలోని ప్రతి బహుళ అంతస్తుల భవనం అనుమతి ప్లాను పట్టుకుని లైను లైనూ తిరిగి, సెల్లారులో ప్లాను ప్రకారం ఏముండాలి, ఇప్పుడు ఏముంది అని రెండు గడులు నింపమనండి. ఆ కాగితం సచివాలయం గోడకు అంటించమనండి. కాలువ మీదకు వచ్చిన ర్యాంపులు కొట్టేయించి, రోడ్డు వేసేటప్పుడు పాత పొర గీకాలన్న షరతు టెండర్లో పెట్టి, పెద్ద ఆస్పత్రులకు, కోచింగ్ సెంటర్లకు వెడల్పాటి లైన్ల మీదే అనుమతి ఇచ్చి లోపలి అడ్డరోడ్లను ఇళ్లకు వదిలేయమనండి. కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటు అడగడానికి మీ గుమ్మం ఎక్కే అభ్యర్థిని, ఏ పార్టీవాడైనా సరే, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, మన డివిజన్లో మొదటి ఏడాది ఎన్ని సెల్లార్లు ఖాళీ చేయిస్తావయ్యా అని అడగండి. సంఖ్య చెప్పేదాకా లేవనివ్వకండి.