గిట్టుబాటు గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీయుత గిట్టుబాటు గారి సముఖమునకు,

విశాఖపట్నం నుంచి ఒక నాటకాభిమాని వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు క్షేమమేనని వేరే అడగనక్కర లేదు. పూర్ణా మార్కెట్‌లో వంకాయల గుట్ట దగ్గర, ఫిషింగ్ హార్బరులో రొయ్యల తట్టల మధ్య, జగదాంబ కూడలిలో చీరల దుకాణం మెట్ల మీద తమ దర్శనం రోజూ అవుతూనే ఉంది. అక్కడ మీతో నాకు ఏ పేచీ లేదు. కిలో రొయ్యల్లో తలలూ పొట్టూ పోగా చేతికి మిగిలేది ఎంతో చెవిలో చెప్పి మా ఇంటి పరువు ఎన్నోసార్లు నిలబెట్టారు. నా పేచీ అంతా మీరు టిక్కెట్టు లేకుండా, మా బావమరిది భుజమెక్కి నాటకాల హాలులోకి వచ్చి నా పక్కన కూర్చోవడం గురించి.

నటులే ఆడుతూ పాడే నాటకం, డెబ్బై నిమిషాలు. విరామం లేదు. టిక్కెట్టు ఐదు వందలు. దీపాలు వెలిగి, జనం ఇంకా చప్పట్లు కొడుతుండగానే మా వాడు ఫోను తీశాడు. వేళ్లు అతనివే, లెక్క మీది.

"బావా, నిమిషానికి ఏడు రూపాయల పద్నాలుగు పైసలు పడింది. రెండు వందలు పెట్టి రెండు ముప్పావు గంటల సినిమాకు వెళితే రూపాయి ఇరవై ఒక్క పైసలు. ఆరు రెట్లు!"

ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో కనిపించిన తృప్తి, నాటకం నడిచినంతసేపూ కనిపించలేదు. మీ భక్తులకు నష్టం రుజువైనప్పుడు కలిగే ఆనందం లాభంలో కూడా కలగదు కాబోలు.

మీరు కళ్లు మూసుకుని కూర్చున్నారు గనుక అక్కడ ఏం జరిగిందో నేనే చెప్పాలి. కథ మన హార్బరుది. ఉప్పుటేరు బురద తోడడం దగ్గర మొదలై, డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర అలలకు అడ్డుగా రెండు పాత ఓడలను ముంచడం మీదుగా, 1933 అక్టోబరులో 'జలదుర్గ' అనే నౌక లోపలికి రావడంతో ముగుస్తుంది. తొమ్మిది మంది నటులు. సెట్టింగులు లేవు. లావుపాటి తాడు ఒకటి, కొన్ని తట్టలు. మొదటి పాటకు వేదిక ఎక్కినవారు చివరి పాట దాకా దిగరు. పక్కకు వెళ్లి మంచినీళ్లు తాగే వీలు కూడా లేదు.

ఓడలు మునిగే పాట ఒకటి ఉంది. ఇద్దరు నటులు అరచేతులూ కాలివేళ్లూ మాత్రమే నేలకు ఆనించి, ఒళ్లు బిగబట్టి బోర్లా నిలిచారు. మిగిలిన ఏడుగురూ రాళ్ల తట్టలతో వాళ్ల మీదుగా దాటుతున్నారు. ఓడలు రెండూ ఊరుకోవడం లేదు, పాడుతున్నాయి. మూడో చరణంలో ఎడమవైపు ఓడ మోచేయి వణకడం మొదలైంది. ముక్కు కొసన చెమట బొట్టు చేరింది. దీర్ఘం తీసినప్పుడల్లా అది ఊగుతోంది, రాలడం లేదు. గొంతు మాత్రం వణకలేదు. పాట అయ్యాక వాళ్లు లేచిన చోట నేల మీద రెండు తడి మరకలు. తరువాతి పాటలో ఒక అమ్మాయి కాలి కింద గుడ్డ ముక్క వేసుకుని, అడుగులు వేస్తూనే ఆ రెండు మరకలనూ తుడిచేసింది. తుడవకపోతే వెనక వచ్చేవాడు జారి పడతాడు. కానీ అది తుడవడంలా లేదు, నాట్యంలో ఒక అడుగులాగే ఉంది. సరిగ్గా ఆ సమయంలో మీరు మా వాడికి గడియారం చూపిస్తున్నారు.

గిట్టుబాటు గారూ, ఊపిరికి ధర కట్టే తూనిక మీ దగ్గర ఉందా? పాడేవాడు గాలిని గబుక్కున పీల్చి, నెమ్మదిగా, సమంగా వదలాలి. గొంతులోని స్వరతంత్రుల కింద గాలి ఒత్తిడి నిలకడగా ఉంటేనే శ్రుతి నిలుస్తుంది. గెంతేవాడి ఒళ్లు దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది అడుగుతుంది. కండరాలు పని చేసేకొద్దీ రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. దాన్ని బయటికి తోలడానికి త్వరత్వరగా ఊపిరి వదలమని మెదడు తొందరపెడుతుంది. ఒకే రొమ్ములో ఇద్దరు యజమానులన్న మాట. పైగా కాలు నేలకు తగిలిన ప్రతిసారీ ఆ అదురు గొంతుకు తగులుతుంది. అందుకే ఇలాంటి నాటకాల్లో నటించేవారిలో కొందరు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తుతూ పాటలు సాధన చేస్తారు. దీనికి మన ఊరి ఉక్కపోతను కలపండి. సముద్రపు గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఈ పిల్లలు రిహార్సల్స్ చేసింది ఏసీ లేని గదిలో, ఆఫీసులు అయ్యాక రాత్రిపూట.

"పాట మధ్యలో ఆయాసం వినబడుతోంది" అని మా వరుసలో ఒక పెద్దమనిషి ఫిర్యాదు చేశారు. ఆయన కూడా మీ మనిషేనని అనుమానం. కాలర్ మైకులో ఆ ఊపిరి వినబడింది గనుకనే అక్కడ ముందుగా రికార్డు చేసిన పాట మోగడం లేదని నాకు నమ్మకం కుదిరింది.

అయినా తప్పంతా మీ మీదకు నెట్టను. మన చెవులకూ కళ్లకూ ఏనాడో విడాకులయ్యాయి. తెలుగు సినిమాలో ఒకరు చల్లటి గదిలో మైకు ముందు నిలబడి పాడతారు. ఇంకొకరు ఇంకో ఊళ్లో, ఇంకో నెలలో, ఆ పాటకు గెంతుతారు. ఇద్దరి శ్రమనూ అతికించి మనకు ఒకే మనిషిగా చూపిస్తారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభి కమలాబాయి నాటికి ఈ అతుకు లేదు, ఎవరి పాట వారే పాడుకునేవారు. ఆ తరువాత తరతరాలుగా అతుకు బొమ్మనే చూసి, ఆరు నిమిషాల పాట అయ్యాక కూడా హీరో జుట్టు చెదరకపోవడమే న్యాయమని స్థిరపడిపోయాం. అలాంటి కళ్లతో చూస్తే వేదిక మీద చెమట పట్టిన మనిషి తక్కువ సరుకులా కనబడడంలో ఆశ్చర్యమేముంది?

ఇదంతా విదేశీ మోజు అని కూడా మా వాడు అన్నాడు. ఇక్కడ మీరు మరీ దారి తప్పారు. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు చూడలేదా? రొమ్ముకు రేకు గుల్ల కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో, పదిహేను ఇరవై మంది గుండ్రంగా గెంతుతూ, వాయిస్తూ, పాడుతూ, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడతారు. ఇక చేపల వేటగాళ్లు వల లాగేటప్పుడు పాడే పాట వినండి. ఒక్క లాగుడుకు ఒక్క చిన్న చరణం, ఆపైన అందరి హైలెస్సా. ఆ పాటలో పంక్తి పొట్టిగా ఎందుకుందంటే లాగే మనిషికి అంతకు మించి ఊపిరి మిగలదు. హార్బరు నాటకం కట్టినవారు ఈ సంగతి బాగా పట్టుకున్నారు. తాడు లాగే పాటల్లో ఎక్కడా పొడుగాటి పంక్తి లేదు. గట్టి ఎగురుడు వచ్చిన ప్రతిచోటా పాట పక్కవాడి నోటికి మారుతుంది. నాటకం డెబ్బై నిమిషాలు కావడం కూడా ఇదే లెక్క. తొంభై చేస్తే చివరి ఇరవై నిమిషాలూ ఎవరో ఒకరు కూర్చుని పాడాలి.

విదేశీ లెక్కే కావాలంటే అదీ ఉంది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల మీద 2017లో ఎడిన్‌బరో ఉత్సవంలో కేంబ్రిడ్జి విద్యార్థులు మొదలుపెట్టిన 'సిక్స్' అనే సంగీత నాటకం నిడివి సుమారు 80 నిమిషాలు. అక్కడా విరామం లేదు. ఆరుగురు రాణులూ దాదాపు నాటకమంతా వేదిక మీదే ఉండి పాడుతూ ఆడతారు. లండన్‌లోనూ న్యూయార్క్‌లోనూ వారానికి ఎనిమిది ప్రదర్శనలు ఆనవాయితీ. ఒకరికి గొంతు పోయినా మడమ మెలిక పడినా ఆ చోటులోకి దిగడానికి, ఒకటికి మించిన పాత్రలు వంట పట్టించుకున్న మారు నటులను సిద్ధంగా ఉంచుకుంటారు. 2022లో దాని సంగీతానికీ దుస్తులకూ న్యూయార్క్ నాటకరంగపు టోనీ పురస్కారాలు వచ్చాయి. ఆ ఊళ్లలోనూ మీ బంధువులు ఉండకపోరు. ఇంత డబ్బుకు ఇంతేనా అని గుమ్మంలో గొణగకనూపోరు. మన పిల్లలకు మారు నటులు లేరు. ఎడమవైపు ఓడకు జ్వరం వస్తే ఆ రోజు హార్బరు తెరుచుకోదు.

మీ వంశవృక్షం నాకు తెలుసు. పద్యనాటకాలు తెల్లవార్లూ సాగిన రోజుల్లో మీ తాతగారు ముందు వరుసలో చాప పరుచుకుని కూర్చునేవారు. రాగం ఎంతసేపు లాగితే అంత లాభం. హార్మోనియం వాయించేవాడి వేళ్లు నొప్పి పుట్టినా సరే, వన్స్ మోర్! చచ్చి పడిపోయిన పాత్ర లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేదని చెప్పుకుంటారు. ఆ గొంతులు గొప్పవి, కాదనను. కానీ ఆ మహానుభావులు రాగం తీసేటప్పుడు పాదం కదిపేవారు కాదు. కదలని గొంతుకూ కదిలే గొంతుకూ ఒకే గంటల లెక్క వేయడం మీ తాతగారి నుంచి మీకు వచ్చిన ఆస్తి.

ఇంకో మాట. చందనోత్సవం నాడు సింహాచలం కొండ మీద మీరెక్కడికి పోతారు? ఏడాదికొక్కసారి అప్పన్న నిజరూపం కోసం ఇదే మా బావమరిది అర్ధరాత్రి నుంచి వరుసలో నిలబడతాడు. ఎదురుగా నిలిచేది కొన్ని క్షణాలు. బయటికి వచ్చి, ఫోను తీసి, క్షణానికి ఎంత పడిందని అతను లెక్క కట్టగా నేను చూడలేదు. నాటకాన్ని దైవదర్శనంతో పోల్చేటంత సాహసం నాకు లేదు. మీరు నోరు మూసుకుని కూర్చోగల చోటు ఈ ఊళ్లోనే ఒకటి ఉందని గుర్తు చేస్తున్నాను.

ఇంతకీ చూడదగిన నాటకమేనా అని సూటిగా అడిగితే, చూడదగినదే. లోటు లేదని మాత్రం అనను. కథ పలచన. హార్బరు తవ్వినవాళ్లు తవ్వడం, లాగడం, మోయడం తప్ప ఇంకేమీ ఆలోచించనట్టే ఉంటారు. ఇంజనీరు దొర పాత్రకు పాటా లేదు, మాటా సరిగ్గా లేదు, టోపీ ఉంది. గుంపుగా పాడినప్పుడు డప్పు మోతలో సగం మాటలు కొట్టుకుపోయాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ నాటకం వెనక వరుసల్లో కూర్చుని చూసేది కాదు. అక్కడి నుంచి వణికే మోచేయి కనబడదు, తొమ్మిది మంది ఎగురుతున్న బొమ్మలు కనబడతాయి. పదో వరుస దాటితే ఐదు వందలు దండగ అన్న మీ మాట నిజమే. ముందు వరుసల్లో చోటు దొరికితే వెళ్లాలి, దొరకకపోతే ఇంకో ఆటకు ఆగాలి. మోకాళ్ల నొప్పులున్నవారు కాస్త గుండె దిటవు చేసుకుని వెళ్లాలి. ఓడల పాటకు నా మోకాళ్లు కూడా పట్టేశాయి.

అసలు మీ లెక్కలో ఒక లొసుగు ఉంది. నాటకానికి ముందు యాభై నిమిషాల సభ జరిగిందన్న సంగతి మీరు కావాలనే మరిచారు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు. నాటక రంగం అంతరించిపోతోందని ముఖ్య అతిథి వాపోతున్నంతసేపూ, తెర వెనక తొమ్మిది మంది ఒళ్లు చల్లారిపోకుండా అక్కడక్కడే గెంతుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ యాభై నిమిషాలూ కలుపుకుంటే నిమిషానికి నాలుగు రూపాయల పదిహేడు పైసలకు దిగుతుంది. మీ వృత్తిధర్మం ప్రకారం ముఖ్య అతిథి ఇంకో గంట మాట్లాడి ఉంటే మా వాడికి పండుగే.

వచ్చే ఆదివారం మళ్లీ ఆట ఉంది. నాలుగో వరుసలో రెండు సీట్లు తీసుకున్నాను, ఒకటి నాకు, ఒకటి మా బావమరిదికి. సభ ఆరింటికి, దానికి టిక్కెట్టు చూడరు. తమరు తప్పక విచ్చేసి, నా సీటులోనే హాయిగా కూర్చుని, ప్రసంగాలన్నీ ఆసాంతం విని, గిట్టుబాటు చేసుకోండి. నేను ఏడింటికి ఐదు నిమిషాల ముందు వస్తాను. అప్పటికి లేచి చోటివ్వవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
భవదీయుడు,
నాలుగో వరుస, నడవా పక్క సీటు