మునిగే ముందు జిల్లా సరిచూసుకోండి

పడవ ప్రయాణాల భద్రత కోసం మన వరంగల్‌లోనూ ఒక స్వచ్ఛంద దళం ఉండాలని కొందరు పెద్దలు తలపెట్టారు. శుభం. ఇలాంటి పనికి పూర్వచరిత్ర తెలిస్తే మంచిదని, ఈ విద్యలో పేరున్న అమెరికావాళ్ల సంగతి తిరగేశాను. చాలా నిరాశపడ్డాను. అంత పెద్ద దేశం ఇంత పేలవంగా పని మొదలుపెడుతుందనుకోలేదు.

1939 నాటికి అక్కడ సరదాకు సొంత పడవలు కొనుక్కున్నవారి సంఖ్య పెరిగి, పడవలు 3 లక్షలు దాటాయి. అంతకుముందు ఏడాది తీర రక్షక దళాన్ని ఆదుకోమంటూ వచ్చిన పిలుపులు 14,000. ఎంతకని పరిగెత్తుతారు? పడవలున్నవారే రక్షణకు తోడు రావచ్చు కదా అన్నది మాల్కం స్టువర్ట్ బోయ్లన్ సూచన. ఆయన హాలీవుడ్ సినీ రచయిత. 1939 జూన్ 23న ఆ దేశ చట్టసభ అలాంటి స్వచ్ఛంద దళం కోసం చట్టం చేసింది, 1941 ఫిబ్రవరిలో దానికి ‘కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీ’, అంటే తీర రక్షకులకు సహాయక దళం, అన్న ఇప్పటి పేరు వచ్చింది. సినిమా మనిషి ఆలోచన, చట్టసభ ఆమోదం ఉన్నాయి గానీ, బోయ్లన్ గారికి శాలువా కప్పిన దాఖలా మాత్రం నాకెక్కడా దొరకలేదు.

సభ్యత్వం సంగతి మరీ ఘోరం. జీతం లేదు సరికదా, ఏటా చందా ఎదురు కట్టాలి. యూనిఫాం సొంత డబ్బుతో కుట్టించుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు తీరం దాకా వస్తే, ఈ షోకు పడవలవాళ్లే గస్తీ తిరిగారు. ఇప్పటికీ అడిగినవారి పడవలను ఉచితంగా తనిఖీ చేస్తారు. లైఫ్ జాకెట్లు, మంటలార్పే పరికరం, దీపాలు సరిగ్గా ఉంటే ఒక స్టిక్కరు అంటిస్తారు. లేకుంటే ఏం సరిచేసుకోవాలో చెప్పి వెళ్లిపోతారు. జరిమానా లేదు, పోలీసులకు నివేదిక లేదు. లోపం దొరికాక కూడా పైసా రాలని తనిఖీ ఏం తనిఖీ?

మన పని అలా ఉండదు. ముందు గౌరవాధ్యక్షుడు, ఆ తర్వాత అధ్యక్షుడు, ఆపైన హనుమకొండకు, కాజీపేటకు, వరంగల్‌కు తలా ఒక ఉపాధ్యక్షుడు. త్రినగరిలో ఎవరు అలిగినా కష్టమే. కార్యవర్గంలో ఈత వచ్చినవారు ఉండాలా వద్దా అన్న చర్చ రెండో సమావేశానికి వాయిదా పడుతుంది. లైఫ్ జాకెట్ల పంపిణీ మాత్రం ఆగదు. ఒక్క జాకెట్‌ను పదకొండు మంది పట్టుకుని ఫొటో దిగి, మాసిపోకుండా బీరువాలో పెడతారు. తాళంచెవి కోశాధికారి దగ్గర ఉంటుంది. కోశాధికారి ఊళ్లో ఉండడు.

అసలు చిక్కు పరిధి దగ్గర వస్తుంది. పాకాల వరంగల్ జిల్లాలోది. రామప్ప చెరువు, లక్నవరం ములుగు జిల్లాలోవి. 2021లో వరంగల్ పట్టణ, గ్రామీణ జిల్లాల పేర్లు కూడా మారి హనుమకొండ, వరంగల్ అయ్యాయి. ఇన్ని చెరువులు తవ్వించిన కాకతీయులకు నీళ్లమీద కూడా జిల్లా గీతలు గీయించాలన్న ముందుచూపు లేకపోయింది. కాబట్టి మునుగుతున్నవారు తామే జిల్లా ఏదో నిర్ధారించుకుని, సంబంధిత ఉపాధ్యక్షుడిని పేరుపెట్టి పిలవడం మంచిది. పరిపూర్ణ భద్రత సాధించింది భద్రకాళి చెరువొక్కటే. పూడిక తీయడానికని 2024 నవంబరులో నీళ్లన్నీ వదిలేశారు. ఎండిన చెరువులో పడవ మునిగిన కేసు ప్రపంచంలో ఎక్కడా లేదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. అందులో మన కడిపికొండవాళ్లు ఉన్నారు. అక్కడ నాకు వ్యంగ్యం సాగదు. నెల దాటాక ఆ బోటును గోదావరి అడుగునుంచి పైకి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం మిద్దెలెక్కి నిలబడితే హెలికాప్టర్లు రావలసి వచ్చింది. హెలికాప్టర్ రాని రోజుల్లో, అంటే మిగతా అన్ని రోజుల్లో, చెరువు దగ్గర కేక వినగానే ముందుగా దూకేది అక్కడ వలలు వేసుకునేవారు. తెప్ప ఉన్నవాడు తెప్పతో వస్తాడు, లేనివాడు లారీ ట్యూబుతో వస్తాడు. వారికి చందా పుస్తకం లేదు, స్టిక్కరు లేదు, పేరు మార్చుకున్న సంవత్సరం లేదు. మర్నాడు పత్రికలో ఎస్సై పేరు, తహసీల్దారు పేరు, పరామర్శకు వచ్చిన నాయకుడి పేరు ఉంటాయి. నీళ్లలో దిగినవారు వార్త చివరి వాక్యంలో ‘గజ ఈతగాళ్లు’గా సర్దుకుంటారు.

కొత్త దళం వారిని పూర్తిగా విస్మరించిందనడం అన్యాయం. ప్రారంభోత్సవం రోజున మంత్రిగారు పడవెక్కుతారు కనుక, చుట్టూ నీళ్లలో నలుగురు ఈతగాళ్లను నిలబెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. లైఫ్ జాకెట్ల విషయం ఎవరో అడిగారట. అవి వేదికమీది వారికే సరిపోలేదట.