తిరిగి నిలబడేది ఎన్ని గంటల్లో?

డేటాబేస్ బ్యాకప్ వ్యవస్థను ఆధునికీకరించాలనుకున్న సంస్థ ముందుగా అడిగేది కాపీ ఎంత త్వరగా పూర్తవుతుందని, ఎంత తక్కువ చోటులో ఇముడుతుందని. అమ్మేవారు చూపించేవీ ఆ అంకెలే. రాత్రంతా పట్టే పని గంటలోపు ముగుస్తుందన్నా, వంద టెరాబైట్లు పదికి కుదిస్తామన్నా యాజమాన్యం సంతోషంగా సంతకం పెడుతుంది. డేటాబేస్ కూలిన రోజున ఈ రెండు అంకెలూ అక్కరకు రావు. ఎన్ని గంటల్లో తిరిగి నిలబడతాం, ఎన్ని నిమిషాల సమాచారం పోగొట్టుకుంటాం అన్నవే ఆ రోజు ప్రశ్నలు. ఆధునికీకరణ అక్కడి నుంచే మొదలు కావాలని మా అభిప్రాయం. కాపీని వేగవంతం చేసే పద్ధతుల్లో చాలావాటి భారం చివరకు పునరుద్ధరణ మీదే పడుతుందన్న సంగతి కొనుగోలు సమయంలో ఎవరూ చెప్పడం లేదు.

ఇరవై టెరాబైట్ల డేటాబేస్‌ను తీసుకుందాం. 10 గిగాబిట్ల లింకు అంటే కాగితం మీద సెకనుకు 1.25 గిగాబైట్లు. ఆ లెక్కన 20 టెరాబైట్లు రావడానికి 16,000 సెకన్లు, అంటే దాదాపు నాలుగున్నర గంటలు. పూర్తి సామర్థ్యం ఎప్పుడూ దక్కదు కనుక, అరవై శాతమే దక్కితే ఏడు గంటలు దాటుతుంది. అదే కాపీని 1 గిగాబిట్ లింకు మీదుగా క్లౌడ్ నుంచి దించుకోవాలంటే ఏ ఆటంకమూ లేకున్నా 44 గంటలు. ఇదంతా ఫైళ్లు చేరడానికి పట్టే సమయమే. ఆ తర్వాత చివరి బ్యాకప్ నుంచి ప్రమాద క్షణం దాకా పోగుపడిన లాగ్‌లన్నీ (డేటాబేస్‌లో జరిగిన ప్రతి మార్పునూ వరుసగా రాసుకునే ఫైళ్లు) అప్లై చేయాలి, అంటే ఆ మార్పులను మళ్లీ అమలు చేయాలి. వారానికొక పూర్తి బ్యాకప్ తీసి, మధ్యలో లాగ్‌లు మాత్రమే దాచే చోట ఆరో రోజున కూలితే ఆరు రోజుల మార్పులూ మళ్లీ నడవాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో వందల కనెక్షన్లు కలిసి రాసిన లాగ్‌ను రికవరీలో అమలు చేసేది ఒకే ఒక్క ప్రాసెస్. సర్వర్‌లో 64 కోర్లున్నా మిగిలినవి చూస్తూ కూర్చోవాల్సిందే. ఈ సంగతి లెక్కలోకి తీసుకోని ప్రణాళికలో గంటన్నర అని రాసిన పని తెల్లవారేదాకా సాగుతుంది.

ఒకేలా ఉన్న ముక్కలను ఏరివేసి ఒక్కసారే దాచే నిల్వ పరికరాలదీ ఇదే కథ. రాసేటప్పుడు కొత్త ముక్కలే రాస్తాయి కనుక పని చకచకా సాగుతుంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఒకే ఫైలు తాలూకు ముక్కలు నెలల తరబడి పేరుకున్న నిల్వలో చెల్లాచెదురుగా ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా వెతికి కూర్చాలి. టేపు విషయానికొస్తే, ఎల్‌టీఓ-9 టేపు 18 టెరాబైట్లు పట్టి సెకనుకు 400 మెగాబైట్ల వేగంతో నడుస్తుంది. నిండు టేపును మొదటి నుంచి చివరిదాకా చదవడానికే పన్నెండున్నర గంటలు. డ్రైవ్ ఆగకుండా నడవాలని ఐదారు బ్యాకప్‌లను ఒకే టేపు మీద కలగలిపి రాసి ఉంటే, అందులోంచి ఒక్క డేటాబేస్‌ను లాగడానికి మిగతావాటిని కూడా దాటుకుంటూ పోవాలి.

మార్గాలు లేకపోలేదు. ఒరాకిల్ డేటాబేస్‌లో డేటా ఫైళ్ల ఇమేజ్ కాపీని (ఉన్నదున్నట్టు తీసిన నకలును) వేరే డిస్కుల మీద ఉంచి, రోజూ తీసే లెవల్ 1 ఇంక్రిమెంటల్‌ను (మారిన భాగాల బ్యాకప్‌ను) ఆ కాపీలోనే కలిపేయవచ్చు. అప్పుడు ప్రమాదం నాడు ఫైళ్లు మోసుకురావాల్సిన పనే ఉండదు. ఒరాకిల్ బ్యాకప్ సాధనం ఆర్‌మ్యాన్‌లో స్విచ్ ఆదేశంతో డేటాబేస్‌ను ఆ కాపీ మీదికి మళ్లించి, చివరి కలయిక తర్వాతి లాగ్‌లు అప్లై చేస్తే తెరుచుకుంటుంది. ఫైలులో ఏ భాగాలు (బ్లాకులు) మారాయో గుర్తుపెట్టుకునే బ్లాక్ చేంజ్ ట్రాకింగ్ ఆన్ చేయడం మరిచిపోతే మాత్రం రోజువారీ ఇంక్రిమెంటల్ కూడా మారిన బ్లాకులను వెతుక్కుంటూ ఫైళ్లన్నీ మొదటి నుంచి చదువుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో 2024 సెప్టెంబరులో వచ్చిన 17వ వెర్షన్ నుంచి ఇంక్రిమెంటల్ బ్యాకప్ సొంతంగానే దొరుకుతోంది. అయితే ఆ ముక్కలను పీజీ కంబైన్‌బ్యాకప్ అనే సాధనంతో ఒక పూర్తి బ్యాకప్‌గా కలిపితేనే సర్వర్ లేస్తుంది. ఆ పనిని ప్రమాదం దాకా వాయిదా వేయకుండా బ్యాకప్ సర్వర్ మీద రోజూ చేయించుకోవాలి. ఈ పద్ధతులకు డిస్కు అదనంగా కావాలి, డేటాబేస్ ఎంత ఉందో ఇంచుమించు అంత. ఆ ఖర్చును పోల్చాల్సింది వ్యాపారం ఆగిపోయే గంటలతో.

2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో జరిగింది ఈ రంగంలో ఉన్నవారంతా చదివి తీరాల్సిన ఉదంతం. ఆ సంస్థే దాపరికం లేకుండా పూర్తి నివేదిక బయటపెట్టింది. రెప్లికేషన్ (ప్రధాన సర్వర్‌లోని మార్పులు ఎప్పటికప్పుడు మరో సర్వర్‌కు చేరడం) తెగిపోయిన రెండో సర్వర్‌లో డేటా డైరెక్టరీని ఖాళీ చేయబోయి, ఒక ఇంజినీరు ప్రధాన సర్వర్‌లో ఆదేశం ఇచ్చారు. క్షణాల్లో ఆపినా దాదాపు 300 గిగాబైట్లు పోయి నాలుగున్నర మిగిలాయి. క్లౌడ్‌కు వెళ్లాల్సిన రోజువారీ బ్యాకప్‌ల కోసం చూస్తే ఆ చోటు ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది కాగా బ్యాకప్ తీసే ప్రోగ్రాం 9.2ది కావడంతో ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను డిజిటల్ సంతకం సరిగా లేదంటూ మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. డిస్క్ స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో డిస్కు ఉన్న స్థితికి నకళ్లు) డేటాబేస్ సర్వర్లకు ఆన్ చేసి లేవు. వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ దొరకబట్టి గట్టెక్కారు. అదీ నెమ్మది డిస్కుల మీద ఉండటంతో కాపీకే గంటలు పట్టింది, సేవలు మర్నాటి దాకా నిలిచాయి. ఆ ఇంజినీరును వేలెత్తి చూపడం వల్ల నేర్చుకునేదేమీ ఉండదు. బ్యాకప్ విఫలమైనప్పుడు కబురు రావడం మీద ఆధారపడ్డ వ్యవస్థలో, ఆ కబురు దారి మూసుకుపోతే అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఫలానా గంటకల్లా విజయ సమాచారం అందకపోతే మోగే అలారం కావాలి. ఆ సమాచారంలో ఫైలు పరిమాణం, అందులోని చివరి లావాదేవీ సమయం ఉండాలి.

ఇలాంటి మౌన వైఫల్యాలు ప్రతి డేటాబేస్‌కూ సొంతవి ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో లాగ్‌ను భద్రపరిచే చోటికి పంపే ఆర్కైవ్ కమాండ్ విజయానికి గుర్తుగా సున్నా తిప్పి ఇచ్చిందంటే లాగ్ భద్రమైందని సర్వర్ నమ్ముతుంది. కాపీ సగంలో ఆగినా సున్నా ఇచ్చే స్క్రిప్టు రాసుకుంటే లాగ్‌ల వరుసలో గండి పడుతుంది, రిస్టోర్ ఆ గండి దగ్గరే ఆగిపోతుంది. సున్నా ఇవ్వకుండా విఫలమవుతూ ఉంటే లాగ్‌లు పేరుకుని డిస్కు నిండి డేటాబేసే కూలుతుంది. ఒరాకిల్‌లో ఆర్కైవ్ చోటు నిండినప్పుడు లావాదేవీలు స్తంభించేదీ ఇలాగే. త్వరగా లోడ్ కావాలని లాగ్ రాయని నోలాగింగ్ పద్ధతిలో నింపిన టేబుళ్లు లాగ్‌ల నుంచి తిరిగి రావు, ఆ బ్లాకులు పాడైనట్టే చూపిస్తుంది. లోడ్ అయిన వెంటనే బ్యాకప్ తీయాలి, లేదా లాగ్‌ను తప్పనిసరి చేసే ఫోర్స్ లాగింగ్ పెట్టుకోవాలి. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎవరో పరీక్ష కోసం, బ్యాకప్ వరుసను కదపని కాపీ ఓన్లీ ఎంపిక పెట్టకుండా పూర్తి బ్యాకప్ తీసి ఆ ఫైలును చెరిపేస్తే, తర్వాతి డిఫరెన్షియల్ బ్యాకప్‌లన్నీ (చివరి పూర్తి బ్యాకప్ తర్వాతి మార్పులను మాత్రమే దాచేవి) లేని ఆ ఫైలు మీదే ఆధారపడి ఉంటాయి. లాగ్‌లను నిలిపి ఉంచాలో లేదో నిర్ణయించే రికవరీ మోడల్‌ను ఒక్కసారి సింపుల్‌కు మార్చి వెనక్కి తెచ్చినా లాగ్ గొలుసు తెగుతుంది. రిస్టోర్ వెరిఫై ఓన్లీ అనే తనిఖీ దాటిన ఫైలు చదవడానికి వీలుగా ఉందన్నంత వరకే హామీ. లోపలి పేజీల సంగతి తేలాలంటే నిజంగా రిస్టోర్ చేసి చెక్‌డీబీ తనిఖీ నడపాలి.

రెప్లికా (ప్రధాన డేటాబేస్ మార్పులను వెంటవెంటనే అందుకునే జంట కాపీ) ఉంది కదా అన్న ధీమా ఇప్పటికీ వినిపిస్తోంది. పొరపాటున టేబుల్ డ్రాప్ చేస్తే సెకను తిరక్కుండా రెప్లికాలోనూ పోతుంది. కొన్ని గంటలు ఆలస్యంగా నడిచే మరో రెప్లికా పెట్టుకుంటే ఇలాంటి చేతి తప్పులకు మంచి విరుగుడే కానీ, అది బ్యాకప్ స్థానంలోకి రాదు.

కాపీ ఎక్కడ ఉందన్నది మరో ముఖ్యాంశం. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు పత్రాలు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. పరిమాణం చాలా ఎక్కువ కాబట్టి బయట బ్యాకప్ పెట్టలేదన్నది అప్పుడు వచ్చిన వివరణ. అంతకుముందు 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. 2024 మేలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్‌కు చెందిన ప్రైవేట్ క్లౌడ్ ఒక సెట్టింగ్ పొరపాటుతో తొలగిపోయింది. ఆ తొలగింపు సోకని చోట వేరుగా దాచిన బ్యాకప్‌లు ఉండబట్టే కోలుకుంది. అగ్నికి దూరం చాలు. ఖాతా తొలగింపుకూ, డేటాకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్‌కూ దూరంతో పాటు వేరే అధికారం కూడా కావాలి. చొరబాటుదారులు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే ముందు బ్యాకప్‌ల మీదే పడతారు. బ్యాకప్ సర్వర్ కూడా సంస్థ లాగిన్‌లన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీలోనే ఉంటే ఒక్క అడ్మిన్ పాస్‌వర్డ్‌తో రెండూ పోతాయి. కాబట్టి దాని లాగిన్‌లు వేరుగా ఉండాలి, చెరిపే అధికారం డీబీఏలకు (డేటాబేస్ నిర్వాహకులకు) కూడా ఉండకూడదు. గడువు తీరేదాకా ఎవరూ చెరపలేని ఆబ్జెక్ట్ లాక్ పెట్టుకోవాలి. గవర్నెన్స్ మోడ్‌లో ప్రత్యేక అనుమతి ఉన్నవారు తాళం తీయగలరు, కంప్లయన్స్ మోడ్‌లో ఖాతా యజమాని కూడా తీయలేరు. సొంత పరికరమైతే దాని గడియారాన్ని ముందుకు తిప్పి గడువును దాటించే వీలుందేమో చూసుకోవాలి. రోజూ 200 గిగాబైట్లుండే ఇంక్రిమెంటల్ ఒక రాత్రి హఠాత్తుగా రెండు టెరాబైట్లయితే, ఎన్‌క్రిప్షన్ మొదలైందేమోనని అనుమానించి ఆ రాత్రే చూడాలి.

తాళాల మాట వచ్చింది కనుక తాళంచెవుల మాటా చెప్పాలి. డిస్కు మీద రాసేటప్పుడే డేటాను రహస్య రూపంలోకి మార్చే పారదర్శక ఎన్‌క్రిప్షన్ ఉన్న డేటాబేస్ బ్యాకప్ ఎంత భద్రంగా ఉన్నా, తాళంచెవులు ఉండే ఒరాకిల్ వాలెట్ లేదా ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్టిఫికెట్ దాని ప్రైవేట్ కీతో సహా చేతిలో లేకపోతే అది అక్షరాల కుప్ప. వాటిని బ్యాకప్‌తో కలిపి ఉంచితే ఎన్‌క్రిప్షన్‌కు అర్థం లేదు, కూలిన సర్వర్‌లోనే ఉంచితే బ్యాకప్‌కు అర్థం లేదు. కీ మారిన ప్రతిసారీ కొత్తది మరోచోట చేరాలి, పాత బ్యాకప్‌లున్నంత కాలం పాత కీలు కూడా ఉండాలి. పాస్‌వర్డ్‌ల వాల్ట్, సర్వర్ల పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్, పునరుద్ధరణ మార్గదర్శిని అన్నీ కూలిన వ్యవస్థలోపలే ఉంటే పని మొదలుపెట్టడానికే దారి ఉండదు. మార్గదర్శిని ముద్రిత ప్రతి ఒకటి బీరువాలో ఉండటం పాత పద్ధతే అయినా మేము దాన్ని గట్టిగా సమర్థిస్తున్నాం.

అందరూ తక్కువగా అంచనా వేసే చిక్కు మరొకటి ఉంది. ఒక సంస్థలో ఆర్డర్లు ఒక డేటాబేస్‌లో, చెల్లింపులు మరొకదానిలో, సరుకు నిల్వలు మూడోదానిలో ఉంటాయి. ఆర్డర్లను 10:42కు, చెల్లింపులను 10:55కు రిస్టోర్ చేస్తే డబ్బు కట్టినా ఆర్డరు కనబడని ఖాతాదారులు పదమూడు నిమిషాల మేర మిగులుతారు. రెండూ సాంకేతికంగా విజయవంతమైన పునరుద్ధరణలే, కలిపి చూస్తే లెక్క తప్పు. అన్నింటికీ ఒకే కట్ సమయం (ఏ క్షణం దాకా రిస్టోర్ చేయాలన్నది) ముందే నిర్ణయించుకోవాలి. సర్వర్ల గడియారాలు ఒకటిగా ఉండాలి. అప్లికేషన్ల మధ్య సందేశాలు వరుసలో నిలిచే మెసేజ్ క్యూలో మిగిలిన సందేశాలు రెండోసారి అమలైతే చెల్లింపు రెండుసార్లు జరగకుండా అప్లికేషన్ కాపాడుకోవాలి. ఆ పైన తేడాలను సరిచూసే క్వెరీలు రాసి సిద్ధంగా పెట్టుకోవాలి. ఇది డీబీఏ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అప్లికేషన్ బృందం, ఖాతాల విభాగం కలిసి కూర్చోవాలి.

వీటిలో ఏది ఎక్కడ బెడిసికొడుతుందో కసరత్తు చేస్తేనే తెలుస్తుంది. వారానికొక డేటాబేస్‌ను వంతులవారీగా ఎంచుకుని, ఉత్పత్తి నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఖాళీ సర్వర్ మీద బ్యాకప్ నుంచి మాత్రమే లేపాలి. లేపాక తెరిచే ముందు దానిలోని షెడ్యూల్డ్ జాబ్‌లు ఆపాలి. లేదంటే పరీక్ష కాపీ నుంచి నిజమైన ఖాతాదారులకు సందేశాలు, బ్యాంకుకు చెల్లింపు ఫైళ్లు వెళ్లే ప్రమాదం ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ లాగిన్‌లు మాస్టర్ అనే, జాబ్‌లు ఎంఎస్‌డీబీ అనే వేరే డేటాబేస్‌లలో ఉంటాయని, పోస్ట్‌గ్రెస్ రోల్స్ (వాడుకరుల ఖాతాలు) పీజీ డంప్ సాధనం తీసే బ్యాకప్‌లో రావని, వాటికి పీజీ డంప్ ఆల్ వేరుగా నడపాలని చాలామందికి మొదటి కసరత్తులోనే తెలిసివస్తుంది. డేటాబేస్ లేచి ఎవరూ లాగిన్ కాలేకపోతే లేచినట్టు కాదు. సర్వర్ సిద్ధం కావడం, ఫైళ్లు రావడం, లాగ్ అప్లై కావడం, తనిఖీ, అప్లికేషన్ కలవడం, ఈ ఐదింటికీ పట్టిన సమయాన్ని విడివిడిగా రాసుకోవాలి. ఎక్కడ సమయం పోతోందో తెలిస్తేనే లింకు కొనాలా, డిస్కు కొనాలా అన్నది తేలుతుంది. పరీక్ష కాపీలో వ్యక్తుల వివరాలుంటాయి కనుక పని ముగిశాక అది చెరిగిపోవాలి. మార్గదర్శిని రాసినవారు కాకుండా మరొకరు దాన్ని చూసి చేయగలిగితేనే కసరత్తు పాసైనట్టు.

కొనుగోలు ఒప్పందాల్లో రావాల్సిన మార్పూ ఇదే. విక్రేత తన ప్రయోగశాల అంకెలు చూపితే సరిపోదు. సంస్థకున్న అతిపెద్ద డేటాబేస్‌ను, ఆ సంస్థ లింకు మీద, ఆరు నెలల బ్యాకప్‌లు పేరుకున్న నిల్వ నుంచి రిస్టోర్ చేసి చూపాలి. సొమ్ములో కొంత ఆ పరీక్ష నెగ్గాకే చెల్లించాలి. అన్ని డేటాబేస్‌లకూ ఒకే లక్ష్యం పెట్టడం డబ్బు దండగ. చెల్లింపుల డేటాబేస్ గంటలో లేవాలంటే దానికి తగ్గ ఖర్చు పెట్టాలి, పాత నివేదికల డేటాబేస్ రెండు రోజులు ఆగినా నష్టం లేదని వ్యాపార విభాగం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. యాజమాన్యం ముందుకు ప్రతి మూడు నెలలకూ వెళ్లే నివేదికలో బ్యాకప్ విజయాల శాతం బదులు, పెట్టుకున్న లక్ష్యం, కొలిచిన సమయం పక్కపక్కన కనబడాలి.

చివరగా, అర్ధరాత్రి రెండింటికి ఫోను వచ్చినప్పుడు నలభై నిమిషాల లావాదేవీలు వదులుకుని వెంటనే లేపాలా, మరో నాలుగు గంటలు ఆగి వాటిని కూడా రాబట్టాలా అన్నది డీబీఏ తేల్చే విషయం కాదు, అది వ్యాపార నిర్ణయం. దాన్ని తీసుకునే అధికారి పేరు, వారు దొరకనప్పుడు తీసుకోవాల్సిన రెండో వ్యక్తి పేరు, ఇద్దరి ఫోను నంబర్లు మార్గదర్శిని మొదటి పేజీలోనే ఉండాలి.