పడవలోని మగ్గుకు పదవీ విరమణ ఉత్తర్వు

మహారాజశ్రీ ప్లాస్టిక్ మగ్గు గారి దివ్య సముఖమునకు,

హుస్సేన్ సాగర్‌లో తిరిగే పాత ఫైబర్ డింగీల (చిన్న తెరచాప పడవల) అడుగున తమరు ఏళ్ల తరబడి చేస్తున్న సేవ మాటల్లో చెప్పలేనిది. ఆ సేవే అసలు రోగం.

నీటిమట్టానికి 15 సెం.మీ. కింద 3 మి.మీ. బెజ్జం ఉంటే గంటకు సుమారు 25 లీటర్లు లోపలికొస్తాయి. తమరు లీటరు మగ్గు కాబట్టి పాతిక తోడులు. "ఓస్, ఇంతేనా" అని తోడేస్తారు. బెజ్జం 6 మి.మీ. అయితే లెక్క రెట్టింపుతో ఆగదు, నాలుగింతలై వంద తోడులవుతుంది. అప్పుడూ తమరినే పిలుస్తారు. చెయ్యెత్తి అభయమిస్తున్న బుద్ధుడు కూడా ఈ తంతు చూసి చెయ్యి దించేసేలా ఉన్నాడు.

తమరి దోస్తులూ తక్కువ వాళ్లేం కాదు. ఎమ్‌సీల్ ముద్ద కదలని పైపు మీద బంగారమే. పడవ అడుగు అలకి వంగుతుంది, ముద్ద వంగదు, అంచు వెంట పగులుతుంది. సిలికాన్ అయితే మరీ ఘనుడు. తాను అతుక్కోడు, తన తర్వాత ఇంకెవర్నీ అతుక్కోనివ్వడు. ఎండిన సిలికాన్ అసిటోన్‌కి కరగదు. ముందు బ్లేడుతో గీకేయాలి, ఆ తర్వాతే ఉప్పుకాగితం. వరస తప్పితే పొర అంతా పులుముకుపోతుంది.

తమరికి ఒక్క కొమ్ము తగిలిస్తే ముగ్గు. తమరు ఇన్నేళ్లలో చేయలేని పని ఆ ముగ్గుపిండి ఒక పూటలో చేస్తుంది. పడవను ఒడ్డుకెక్కించి, కింద పాత టైర్లు పెట్టి, బయట పొడిగా తుడిచి, అనుమానమున్న చోటల్లా పిండి పలచగా అద్దాలి. లోపల నీళ్లు పోయాలి. 10 సెం.మీ. మించొద్దు, ఆ బరువుకే అడుగు చిట్లగలదు. పిండి ఎక్కడ నల్లబడితే దొంగ అక్కడే. నీళ్లు వెనక పలక దగ్గర చేరాయని అక్కడే వెతకడం తమరి పద్ధతి. అవి ముందెక్కడో దూరి, నేలపలక కింద నడిచొస్తాయి.

ఎక్కువసార్లు దొరికేది, పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక, అదే సెంటర్‌బోర్డు పెట్టె మొదలే. గాలికి బోర్డు పక్కలకు ఊగి అతుకును తెరుస్తుంది, ఒడ్డున మాత్రం ఆ అతుకు నోరు మూసుకుని బుద్ధిగా ఉంటుంది. అందుకని పరీక్షలో ఒకరు బోర్డును అటూ ఇటూ నెడుతూ ఉండాలి. తర్వాత చుక్కాని బోల్టులు, నడిచేటప్పుడు లోపలి నీళ్లను తనే బయటికి లాగే సెల్ఫ్‌బెయిలర్ గ్యాస్కెట్ చూడాలి.

దొరికాక పిండి కడిగి, మూడు నాలుగు రోజులు ఎండబెట్టాలి. తడి మీద వేసిన అతుకు పెళ్లినాడే విడాకులు. 4 మి.మీ. మందమున్న అడుగైతే పగులు చుట్టూ 5 సెం.మీ. దాకా వాలుగా అరగదీయాలి, అంటే మందానికి పన్నెండింతలు. దాని మీద నేసిన గాజు గుడ్డ మూడు పొరలు, ఎపాక్సీతో (హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడే రెజిన్). తరిగిన పోగుల మ్యాట్ వద్దు, దాన్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెజిన్‌లో కరిగినట్టు ఎపాక్సీలో కరగదు. పెట్టె మూలలో సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీని చెంచా వీపుతో గుండ్రంగా దిద్దితే గుడ్డ గాలి బుడగ లేకుండా కూర్చుంటుంది.

హార్డెనర్‌ను తూకం వేసి కలపాలి. ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్నది పాలిస్టర్ నాటి అలవాటు, ఎపాక్సీ దగ్గర చెల్లదు, మెత్తగానే ఉండిపోతుంది. కలపడానికి నేనున్నానంటూ తమరు రావద్దు. మే నెల ఎండలో లోతైన పాత్రలో వేడి పోగుపడి పొగలు లేస్తాయి, తమరు కరిగినా కరుగుతారు. వెడల్పాటి పళ్లెంలో 100 గ్రాముల చొప్పునే. వానాకాలంలో వేస్తే పైన మైనంలాంటి పొర తేలుతుంది. అది పోయేది నీళ్లతో రుద్దితేనే.

బోల్టు బెజ్జాల సంగతి సులువు. 5 మి.మీ. బెజ్జాన్ని 10కి పెంచి, ఎపాక్సీ నింపి, మళ్లీ 5కి తొలవాలి. రాణీగంజ్‌లో స్టెయిన్‌లెస్ బోల్టు తెచ్చి పాలీయూరిథేన్ సీలెంట్‌తో బిగించాలి. మొదటి రోజే మొత్తం బిగిస్తే సీలెంటంతా బయటికి కక్కేస్తుంది. సగం బిగించి, అది గట్టిపడ్డాక మిగతా సగం.

తమర్ని పూర్తిగా ఇంటికి పంపడం మాత్రం కుదరదు. జూలై గాలికి డింగీ బోల్తా పడి మళ్లీ లేస్తే నిండా నీళ్లే. కనుక నేటి నుంచి తమరికి ఆన్‌కాల్ డ్యూటీ: పిడికి తాడు కట్టి, సీటు కింద, బోర్లా.

ఇట్లు,
తడిసిన ప్యాంట్ల తరఫున