అడిగితే కదా!

మిక్సీ పాడైతే రిపేరుకిచ్చి ఊరుకోవాల్సింది. నేను రోలు కొందామన్నాను. మిక్సీ బ్లేడు కోస్తుందే తప్ప నలపదని, నలిగితేనే గింజలో నూనె బయటికొచ్చి వాసన గుప్పుమంటుందని ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"కొనండి. నూరేది మాత్రం మీరే" అంది మా ఆవిడ.

కొట్లో మోటు నల్లరాతి రోళ్ల పక్కన తెల్లటి చలువరాయిది ఒకటి, పాలుగారుతూ, అరచేతిలో ఇమిడేంత ఉంది. అంత ముద్దొచ్చేది పనికొస్తుందా అన్న అనుమానమే రాలేదు.

ఇంటికి రాగానే గుప్పెడు మిరియాలు పోసి, బండ ఎత్తి ఒక్క పోటు వేశాను. లోపలంతా అద్దంలా నునుపాయె, మిరియానికి పట్టు దొరకలేదు. ఒకటి కిటికీకి టక్కున తగిలింది. ఒకటి మా ఆవిడ టీ కప్పులో మునిగింది. ఇంకొకటి రెండు రోజుల తర్వాత నా చొక్కా జేబులో దొరికింది. రోట్లో మిగిలినవి మూడంటే మూడు.

"చిటికెడు రాళ్లుప్పు వేస్తే గింజ జారదు. మూడో వంతుకు మించి నింపకూడదు. ముందు మెల్లగా నలపాలి, తర్వాతే పోటు" అంది టీలోంచి మిరియం తీస్తూ.

"ముందే చెప్పొచ్చుగా!"

"అడిగితే కదా!"

మర్నాడు అందులోనే వెల్లుల్లి నూరి నిమ్మకాయ పిండాను. చలువరాతికి పులుపు పడదట. మెరుపంతా పోయి గరుకు మచ్చలు తేలాయి. ఆ మచ్చల మీద మాత్రం మిరియాలు కాస్త నిలిచాయి, అబద్ధమెందుకు.

ఇక లాభం లేదని 5 కిలోల నల్లరాతి రోలు మోసుకొచ్చాను. కొత్త రోట్లో తడి బియ్యం వేసి, పిండి తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ నూరి పారబోయాలి. మొదటి వాయి అచ్చం సిమెంటే. రెండోది పలచని సిమెంటు. మూడో వాయికి భుజం మొరాయించింది. ఈమాత్రం చాల్లే అనుకున్నాను.

ఆ రాత్రి పంటి కింద కరకర.

"ఉప్పు కరగలేదేమో" అన్నాను.

ఆవిడ నోట్లోంచి చిన్న రవ్వ తీసి పళ్లెంలో వేసింది. టింగుమంది. "ఈ ఉప్పు కరగదండీ."

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడమేమిటని అప్పటికప్పుడు నాలుగో వాయి మొదలెట్టాను. పది నిమిషాల్లో కింది ఫ్లాటు పెద్దాయన తలుపు కొట్టాడు.

"ఈ వేళప్పుడు మేకులేమిటండీ?"

"మేకులు కాదండీ, బియ్యం."

ఆయన నా చేతిలోని బండను, నన్ను మార్చి మార్చి చూశాడు. మా ఆవిడ రోలు కింద తువ్వాలు మడత పెట్టింది, చప్పుడు సగానికి తగ్గింది. అదీ ముందే చెప్పలేదు. ఆయన వెళ్తూ వెళ్తూ అలమర వైపు చూసి, "ఆ తెల్లది ముద్దుగా ఉందే, వాడటం లేదా?" అన్నాడు. రెండు చేతులా ఇచ్చేశాను.

పొద్దున్నే కింది నుంచి ఒక్క పోటు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు చీపురు చప్పుడు.

"ఆయనకు ఉప్పు సంగతి చెప్పారా?" అంది మా ఆవిడ.

"అడిగితే కదా!"